మూడు వాటాల తుపాకీ

మా కింది వాటాలో ఉండే ముసలావిడ ఒక ఆదివారం పొద్దున్న మెట్లెక్కి వచ్చి మా ఆవిడని కత్తెర అడిగింది.

"కత్తెరెందుకమే?" అంది మా ఆవిడ. బర్మావాళ్ళు అమ్మని అమే అంటారు. మా మేడలో బర్మావాళ్ళకీ, తెలుగువాళ్ళకీ, చీనావాళ్ళకీ కూడా ఆవిడ అమేనే.

"పుస్తకం కొయ్యాలి, తమీ. ముగ్గురు పిల్లలూ కింద కూచున్నారు. తలో ముక్కా ఇచ్చేస్తే గొడవ వదిలిపోతుంది." తమీ అంటే కూతురని. మా ఆవిణ్ణి అలాగే పిలిచేది.

మా ఆవిడ కుట్టుపని చేసేది. బర్మా ఆడవాళ్ళు తొడుక్కునే ఎంజీలు, అంటే పొట్టి రవికెలు, రంగూన్ లమ్మడా పేటలో మా వీధికి సగానికి సగం తనే కుట్టేది. బట్టలు కోసే ఆ కత్తెరతో ఒకసారి నేను పురికొస తెంపానని రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

"కాయితానికి నా కత్తెర ఇవ్వనమే. పదును సచ్చిపోతాది," అంది. "బట్ట ఏదైనా ఉంటే తే, కోసీసి ఇస్తాను."

అమేకి కోపం రాలేదు. గుమ్మంలోనే కూలబడి, నోట్లోంచి చుట్ట తీసి, "మరి ఏం చెయ్యమంటావు?" అంది. అప్పటికి ఆవిడ భర్త పోయి నెలన్నర అయింది. ఆవిడ ముఖం చూస్తే కత్తెర కోసం కాదు, కాసేపు కిందనుంచి తప్పించుకోవడానికే వచ్చినట్టు అనిపించింది నాకు.

ఆయన్ని మేం సయా అనేవాళ్ళం. బర్మాలో చదువు చెప్పేవాణ్ణీ, పనిలో పండినవాణ్ణీ అలాగే పిలుస్తారు. మేం ఆ మేడలోకి వచ్చేసరికే ఆయనకి అరవై దాటాయి. కింది వాటా ముందుగదిలో బల్ల వేసుకుని తాళాలు, గొడుగులు, కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. మా ఆవిడ మిషను ఊరినుంచి స్టీమరులో వచ్చినప్పుడు దారిలో ఎక్కడో దెబ్బ తిని చక్రం ఇరుసు వంగిపోయింది. సయా దాన్ని మూడు రోజులు తన బల్లమీద పెట్టుకుని వంకర తీశాడు. మా ఆవిడ వచ్చి ఓ గుడ్డముక్క మీద కుట్టు వేసి చూసుకునేదాకా పక్కనే నిలబడ్డాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. మీ ఊరి పచ్చడి ఇవ్వు చాలన్నాడు. ఆవకాయ తిని కళ్ళనీళ్ళు పెట్టుకుని, మర్నాడు ఖాళీ గిన్నె మళ్ళీ పైకి పంపించాడు.

వయసులో ఉన్నప్పుడు ఆయన మాండలేలో రాజుగారి తుపాకుల కార్ఖానాలో పనిచేశాడట. ఇంగ్లీషువాళ్ళు రాజుని ఓడ ఎక్కించి తీసుకుపోయాక కార్ఖానా మూతపడింది. చేసిన తుపాకుల్లో ఒక్కటి కూడా ఆయన దగ్గర మిగల్లేదు. కొత్త పెళ్ళాన్ని వెంటబెట్టుకుని నది దిగువకి రంగూన్ వచ్చేశాడు. ఎక్కడ మరిచిపోతానో అన్న భయంతో, తను ఎక్కువగా చేసిన ఒక రకం తుపాకీని, చెకుముకి రాయితో పేలే పొడుగు తుపాకీని, ఓ పుస్తకంలో గీసి పెట్టుకున్నాడు. ఆ పుస్తకాన్నే ఇప్పుడు కొయ్యబోతున్నారు.

నేను కిందికి దిగాను. పిల్లలంటే ముగ్గురూ పెద్దవాళ్ళే. పెద్దకొడుకు నది అవతల దలాలో బియ్యం మిల్లు ఫిట్టరు. ఆ తరవాత కూతురు. బజారులో దారాలూ బొత్తాలూ అమ్ముతుంది. మా ఆవిడకి సరుకు ఆ అమ్మాయి దగ్గరే. చిన్నకొడుకు మింగళాడోన్ కంటోన్మెంటులో స్టోర్సు గుమాస్తా. ఆదివారం కూడా ఇస్త్రీ కోటుతోనే ఉండేవాడు.

పుస్తకం వాళ్ళ మధ్య నేలమీద విప్పి ఉంది. నల్లటి మందపాటి కాగితం. మన పుస్తకంలా కుట్టింది కాదు, విసనకర్రలా మడతలు మడతలుగా ఉంటుంది. విప్పుకుంటూ పోతే ఈ గోడనుంచి ఆ గోడకి వచ్చింది. నలుపు మీద సుద్దపుల్లతో తెల్లటి గీతలు. ఆ మడతలన్నిటి మీదా ఒకే ఒక తుపాకీ పొడుగ్గా పడుకుని ఉంది. దాని చుట్టూ విడి భాగాలు, పక్కన రాతలు.

"మూడు సమాన భాగాలు," అన్నాడు చిన్నవాడు వేలితో చూపిస్తూ. "ఈ మడత దగ్గర ఒకటి, ఈ మడత దగ్గర ఒకటి."

"అంటే నాకు భుజానికి ఆనించే కర్ర, చెల్లికి మధ్యలో మీట, నీకు గొట్టం మూతి. ముగ్గురం కలిస్తే గానీ పేలదన్నమాట," అన్నాడు పెద్దవాడు.

"మనం కలవం కదా. ఎవరికీ ప్రమాదం లేదు," అంది కూతురు.

ముగ్గురిలో ఎవరూ నవ్వలేదు. తండ్రి ఇల్లూ పొలమూ ఏమీ పెట్టి పోలేదు. ఆయన చేత్తో చేసినది అంటూ ఆ ఇంట్లో మిగిలింది అదొక్కటే. అందుకే ఎవరూ వదులుకోడానికి సిద్ధంగా లేరు.

నేను అప్పటికి పదకొండేళ్ళుగా దలా డాక్‌యార్డు డ్రాయింగాఫీసులో ట్రేసరుని. పెద్దవాళ్ళు కాగితం మీద పెన్సిలుతో ఓడ భాగాలు గీస్తే, వాటిమీద నీలంగా మెరిసే పల్చటి ట్రేసింగు బట్ట పరిచి, కింది గీతలమీదే సిరాతో గీతలు గీయడం మా పని. ఒకరు గీసినదాన్ని ఉన్నదున్నట్టు దింపడం తప్ప నాకు వేరే విద్య లేదు. కానీ ఆ రోజు ఆ విద్య పనికొచ్చేలా కనిపించింది.

"కొయ్యకండి," అన్నాను. "నేను గీసిస్తాను. ముగ్గురికీ మూడు. ఎవరి తుపాకీ వాళ్ళకి, మొత్తంగా."

పెద్దవాడు వెంటనే సరేనన్నాడు. చిన్నవాడు కాస్త ఆలోచించి, మూడూ ఒకేలా ఉండాలన్నాడు. అమే మాత్రం పుస్తకం మడిచి, చీర చుట్టబెట్టినట్టు గుడ్డలో చుట్టి, తనే స్వయంగా మెట్లెక్కి మా ఇంట్లో పెట్టింది. మూడు ఆదివారాల పని అని చెప్పాను నేను. వానాకాలమంతా పట్టింది.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అమే, కూతురు పైకి వచ్చేవారు. బర్మా మాట నాకు బాగానే వచ్చు గానీ అక్షరం రాదు. ఏది చూసినా సున్నాలాగే ఉండేది. "మీ తెలుగు మాత్రం ఏం తక్కువ, అదీ గుండ్రమేగా," అని వెక్కిరిస్తూ కూతురు పక్కరాతలు చదివేది. అది ఏ ముక్కో, ఎక్కడ కూచుంటుందో అమే చెప్పేది. ఆవిడకి చదువు లేదు. కానీ ముప్పైనలభై ఏళ్ళు ఆ పుస్తకం ముందు కూచుని ఆయన చెప్పిన కబుర్లు విన్నది. "ఇది ముక్కు. రాయి దీనికి కరిపిస్తారు. ఇది దవడ. ఇది మీట. మొండిది, మాట వినదు అనేవాడు," అంటూ ఒక్కో ముక్కనీ ఇంట్లో మనిషిలా పరిచయం చేసేది. మా ఆవిడ మిషను దగ్గర కూచుని కుడుతూ వినేది.

నాకు మొదట్లో ఆ బొమ్మ మీద అంత గౌరవం కలగలేదన్న మాట ఒప్పుకోవాలి. డాక్‌యార్డులో పైనుంచి చూస్తే ఒక బొమ్మ, పక్కనుంచి చూస్తే ఇంకొకటి. దేని కొలత దానిది, గీతలో వెంట్రుకవాసి తేడా రాకూడదు. సయా బొమ్మలో అన్నీ ఒకేసారి కనబడతాయి. తనకి ఇష్టమైన మీట ముక్కలు గుప్పెడంత పెద్దగా ఉంటే, పొడుగు గొట్టం మడతల్లో పట్టక పొట్టిదైపోయింది. అయితే ప్రతి ముక్క పక్కనా కొలత రాసి ఉంది. ఇన్ని వేళ్ళు, ఇన్ని జేనలు, వేలులో భాగమైతే ఇన్ని నువ్వుగింజలు అని. సరే, బొమ్మ ఎలా ఉన్నా కొలతలు ఉన్నాయి కదా అనుకున్నాను. ఆఫీసు పుస్తకంలో అలాంటి పాత కొలతలకి అంగుళాల పట్టిక ఉంది. వేలుకి ముప్పాతిక అంగుళం, జేనకి తొమ్మిది అంగుళాలు. అన్నీ అంగుళాల్లోకి మార్చుకుని మంచి కాగితం మీద కొత్తగా గీయడం మొదలుపెట్టాను.

ఆరో ఆదివారం నాటికి కర్ర పూర్తయింది, మీట ముక్కలు బిగించే పళ్ళెం పూర్తయింది. కాగితం మీద ఒకదాంట్లో ఒకటి పెట్టి చూస్తే ఇమడలేదు. కర్రలో పళ్ళేనికి తొలిచిన గూడు పెద్దదైపోయింది. పళ్ళెం అందులో వదులుగా ఊగేలా ఉంది. మళ్ళీ లెక్క వేశాను. మళ్ళీ అంతే. ఆ చిరాకులో, అమే పక్కనే ఉందన్న సంగతి మరిచిపోయి, "సయా లెక్క తప్పినట్టున్నాడు," అనేశాను.

కూతురు చదవడం ఆపింది. అమే చుట్ట ఆర్పి, బొడ్లో దోపుకుని, లేచి కిందికి వెళ్ళిపోయింది. తరవాతి ఆదివారం రాలేదు. ఆ తరవాతి ఆదివారమూ రాలేదు. కూతురు ఒక్కతే వచ్చి, "అమ్మకి మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయట," అంది. అదే అమే ఆ పొద్దున్నే బజారుకి వెళ్ళి చేపలు తేవడం నేను కిటికీలోంచి చూశాను.

ఆ అమ్మాయి వెళ్ళాక మా ఆవిడ మిషను ఆపింది. నాకు మేనమామ కూతురు తను. పెళ్ళికి ముందునుంచీ బావా అనే పిలుపు.

"బావా, నువ్వలగ అనీకూడదు," అంది. "పోయినాయన లెక్క తప్పని పెళ్ళాం ముందల అంతారేటి?"

"తప్పు తప్పే కదే. ఇమడ్డంనేదు."

తను ఒక నీలం గుడ్డ మోకాలి మీద వేసుకుని జేనతో కొలుస్తోంది. రెండు జేనలు కొలిచి చెయ్యి అక్కడే ఆపి, "ఆ జేన ఎవుల జేన?" అంది.

"ఎవుల జేనేటి? జేనంటే తొమ్మిదంగుళాలు. ఆఫీసు పట్టికలో ఉంది."

"నా జేన తొమ్మిదంగుళాలు నేదే." చెయ్యి చాపి నా స్కేలు పక్కన పెట్టింది. నిజంగానే లేదు. "నాను నా జేనతో కొలిసి కోసిన గుడ్డ, మూలమేడ దర్జీ కుట్టలేడు. అతని జేన ఏరు. నీ పట్టికలో ఆ ఏలు ఎవులిది, ఆ జేన ఎవులిది? రాజుగారివేటి?"

నేను ఆ పూట నా కాగితాలు మళ్ళీ ముందేసుకున్నాను. సయా వేళ్ళు నాకు బాగా గుర్తు. పొట్టిగా, మొద్దుగా, ఒక్కోటి రెండు వేళ్ళంత ఉండేవి. అలాంటి చేతికి వేలు ముప్పాతిక అంగుళం కంటే ఎక్కువే ఉంటుంది. జేన తొమ్మిది అంగుళాలు సాగనే సాగదు. పళ్ళేన్ని ఆయన వేళ్ళతో కొలిచాడు, కర్రని జేనలతో కొలిచాడు. నేను ఒకదాన్ని కుదించి, రెండోదాన్ని సాగదీసి, ఇమడలేదని ఆయన్ని అన్నాను. పదకొండేళ్ళుగా అంగుళాలే తప్ప ఇంకో కొలత చూడని నాకు ఆ ఆలోచనే రాలేదు.

ఇద్దరం కిందికి వెళ్ళాం. అమే సయా బల్ల పక్కన కూచుని వెల్లుల్లి ఒలుస్తోంది.

"తప్పు నా లెక్కదే, అమే. సయాది కాదు," అన్నాను.

ఆవిడ ఇంకో రెబ్బ ఒలిచింది. తరవాత, "ఆయనా తప్పులు చేసేవాడు," అంది. "పెళ్ళైన కొత్తలో నన్ను తీసుకుని మనుషుల పడవ అనుకుని ఉప్పు పడవ ఎక్కాడు. మూడు రోజులు ఉప్పు బస్తాల మీద పడుకున్నాం. చేతి పనిలో మాత్రం తప్పు చెయ్యలేదు." అలా అని చేట పక్కన పెట్టి, మమ్మల్ని కూచోమంది.

మా ఆవిడ విషయం చెప్పింది. సయా చెయ్యి ఎంతుండేదో తెలియాలి, అది తెలిస్తే గానీ బొమ్మ కుదరదు అని. అమే వెంటనే పకపకా నవ్వింది. ఆయన పోయాక ఆవిడ అలా నవ్వగా చూడడం అదే మొదటిసారి.

"ఆయన జేన సంగతి నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది. బట్టల కొట్టు దగ్గర ఎప్పుడూ అదే తగువు. లుంగీ బట్ట నా జేనతో తొమ్మిది ఉంటే ఆయన జేనతో ఎనిమిది. కొట్టువాడు మా ఇద్దర్నీ వదిలేసి తన గజంబద్ద తీసేవాడు." లోపలికెళ్ళి పెట్టెలోంచి ఒక పట్టు లుంగీ తెచ్చింది. నేరేడు పండు రంగు వెలిసిపోయి బూడిదరంగులోకి దిగింది. "ఇది ఆయన కొలిచి కొన్నదే. ఎనిమిది జేనలు. ఒక్క వేలు ఎక్కువ ఇవ్వమంటే కొట్టువాడు ఇవ్వలేదు."

నేను స్కేలు పెట్టబోతే మా ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "కుట్టులోకి పోయింది కలపాల," అంది. కుట్టు దగ్గర గుడ్డ రెండువైపులా ఎంత లోపలికి మడిచారో వేలితో తడిమి చూసి, అదీ కలిపించి, అప్పుడు ఎనిమిదితో భాగించమంది. జేన తేలింది. తొమ్మిది అంగుళాలకి బాగా తక్కువ.

ఇక వేలు కావాలి. "ఆయన వేళ్ళు పెద్దాడికి వచ్చాయి," అంది అమే. మళ్ళీ వచ్చే ఆదివారం పెద్దవాడు దలానుంచి వచ్చాడు. మిల్లు నూనె మరకలు పోని చెయ్యి నా కాగితం మీద పరిచాడు. నాలుగు వేళ్ళు పక్కపక్కన పెట్టించి స్కేలుతో కొలుస్తుంటే చక్కిలిగిలి పెట్టినట్టు మెలికలు తిరిగాడు. "కదలకురా," అని అమే ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని పట్టుకుంది. కొలవడం అయిపోయింది. నేను కొలత రాసుకున్నాను, ఇంకోసారి సరిచూసుకున్నాను. ఆవిడ చెయ్యి వదల్లేదు. అంత పెద్ద మనిషీ తల వంచుకుని, చెయ్యి ఆవిడకే ఇచ్చి, వాన చూస్తున్నట్టు కిటికీ వైపు తిరిగి కూచున్నాడు.

కొత్త కొలతలతో మొత్తం మొదటినుంచీ గీశాను. పళ్ళెం గూట్లోకి ఇమిడింది. మీట ముక్కలు ఒకదాన్ని ఒకటి పట్టుకున్నాయి. ఆయన నువ్వుగింజలతో సహా అన్నీ కలిశాయి. అంతకు ముందు ఏ ఓడ బొమ్మ పూర్తిచేసినప్పుడూ నాకు అలా అనిపించలేదు. అమేని పిలుచుకొచ్చి చూపించాను. ఆవిడ కాగితం మీద వేలు ఆనించకుండా, గాల్లోనే మీట మీద వేలు తిప్పి, "మొండిది," అంది.

దాన్ని మూడు ట్రేసింగులు దించాలి. ఒకరోజు మధ్యాహ్నం తిండి వేళ ఆఫీసు బల్లమీద మీట బొమ్మ పరిచి సన్నగీతల పెన్నుతో ఒక వంపు సరిచేస్తున్నాను. మా పెద్ద డ్రాఫ్ట్స్‌మన్ వెనకనుంచి వచ్చాడు. చిట్టగాంగు వైపు ఆయన. తక్కువ మాట్లాడతాడు, ఎక్కువ చూస్తాడు.

"ఇది ఏ ఓడది?" అన్నాడు.

"ఓడది కాదండి. తుపాకీది."

ఆయన కళ్ళజోడు నుదుటిమీదకి తోసి బొమ్మ మీదకి వంగాడు. నేను సంగతంతా చెప్పాను, కత్తెర దగ్గరనుంచి. అయిదు నిమిషాలు అలాగే చూసి, "తుపాకీకి లైసెన్సు కావాలని తెలుసు. తుపాకీ బొమ్మకి కావాలో వద్దో నాకు తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. దొర టిఫిను ముగించి వచ్చేలోగా ఇంటికి పంపించు," అన్నాడు. నేను చుట్టేస్తుంటే మళ్ళీ వచ్చి, "ఈ వంపు ఇంత అందంగా ఎవరు గీశారు, నువ్వేనా?" అని అడిగాడు. సయా అన్నాను. సాయంత్రం పడవకి బయల్దేరుతుంటే నా సంచిలో ట్రేసింగు బట్ట తుంపులు ఒక చుట్టగా పెట్టి ఉన్నాయి. బట్ట చుట్టల చివర మిగిలే ముక్కలవి. మామూలుగా గంజి పోయేలా ఉడకబెట్టి రుమాళ్ళు కుట్టుకోమని మాకు పంచేవారు. ఈసారి ముక్కలు మాత్రం రుమాళ్ళకి ఎక్కువ, తుపాకీకి సరిపోయేంత పొడుగున్నాయి.

మూడూ పూర్తయ్యాక మా ఆవిడ అంచులు పీచులేస్తాయని మిషను మీద సన్నటి మడత కుట్టు వేసింది. డ్రాయింగులకి అంచు కుట్టడం నేను ఎక్కడా చూడలేదు. బాగుంది.

వానలు వెనకబట్టిన ఆదివారం ముగ్గురు పిల్లలూ వచ్చారు. కింది ముందుగదిలో మూడు బట్టలూ పక్కపక్కన పరిచాం. పెద్దవాడు మోకాళ్ళమీద కూచుని ముక్క ముక్కా చూస్తూ, ఏది ఎలా కదులుతుందో చేతుల్తో చెల్లెలికి చూపిస్తున్నాడు. చిన్నవాడు నిలబడే చూశాడు. చూస్తూ చూస్తూ ముఖం పాలిపోయింది.

"నేను తీసుకోను," అన్నాడు.

"మూడు సమానం కావాలని అడిగినవాడివి నువ్వే," అంది అక్క.

"ఇంత బాగా గీస్తారనుకోలేదు. నాన్న పుస్తకం చూస్తే ఎవడైనా జాతకాల పుస్తకం అనుకుంటాడు. ఇదేమో అంగుళాలు, అంకెలు, అన్నీ దొరలకి అర్థమయ్యేట్టు ఉన్నాయి. నేనుండేది కంటోన్మెంటులో. నా క్వార్టర్లో ఇది దొరికితే నా ఉద్యోగం ఏమవుతుంది?"

అక్క వెక్కిరించబోయింది గానీ వాడి ముఖం చూసి మానేసింది. వాడి భయం ఉత్తిది కాదు. నేను ఎంత శ్రద్ధగా గీశానో అంత భయపెట్టాను.

అమే లేచి వెళ్ళి గుడ్డలో చుట్టిన నల్ల పుస్తకం తెచ్చింది. చిన్నవాడి చేతిలో పెట్టింది.

"అమ్మా, అది అసలుది," అన్నాడు పెద్దవాడు. "గొడవ పెట్టినవాడికి అసలుదా?"

"నీకు నాన్న వేళ్ళు వచ్చాయి. దీనికి నాన్న నోరు వచ్చింది. వాడికి ఏమీ రాలేదు," అంది అమే. "జాతకాల పుస్తకం వాడి దగ్గరే ఉండనీ."

చిన్నవాడు ఇస్త్రీ కోటుతోనే నేలమీద కూచుండిపోయాడు. పుస్తకం విప్పలేదు. ఒళ్ళో పెట్టుకుని గుడ్డ ముడి సరిచేస్తూ, విప్పుతూ, మళ్ళీ సరిచేస్తూ ఉండిపోయాడు. వాడు తీసుకోని మూడో బట్టని అమే చుట్టి మా ఆవిడకి ఇచ్చింది. కొలత సంగతి పట్టింది తనే కదా అని.

చలికాలం వచ్చాక పెద్దవాడు కబురు పంపించాడు, అందర్నీ తీసుకుని ఒకసారి దలా రమ్మని. నేను రోజూ దాటే నదే అయినా, సెలవునాడు మా ఆవిణ్ణీ అమేనీ వెంటబెట్టుకుని దాటడం వేరుగా ఉంది. కూతురు వచ్చింది. చిన్నవాడు కూడా వచ్చాడు, ఈసారి కోటు లేకుండా. మిల్లు లైన్లలో పెద్దవాడి ఇంటి వసారాలో ఒక బల్లమీద గుడ్డ కప్పి ఉంది. తీస్తే తుపాకీ. మొత్తం టేకు. గొట్టమూ టేకే, తొలవని కర్ర. మీట, ముక్కు, దవడ, మరలు, ఆఖరికి చెకుముకి రాయి కూడా కర్రే. బట్ట మీద నేను గీసిన ప్రతి గీతా అక్కడ మూడు వైపుల్నుంచీ కనిపిస్తోంది. మీట లాగితే ముక్కు టక్కుమని పడింది.

"నిప్పు తప్ప అన్నీ చేస్తుంది," అన్నాడు పెద్దవాడు.

అమే దాన్ని రెండు చేతులతో ఎత్తి, భుజానికి ఆనించుకుంది. మేమెవరమూ అనుకోలేదు ఆవిడ అలా చేస్తుందని. ఒక కన్ను మూసి, మిల్లు పొగగొట్టం వైపు చూసింది. "తేలిగ్గా ఉంది," అంది. "అసలుదైతే నా భుజం కిందికి లాగేది. పెళ్ళైన ఏడాది పండగ పరేడుకి వాటిని తుడవడానికి ఇంటికి తెచ్చేవాడు. ఒకటి ఎత్తగలవా అని పందెం వేశాడు. ఎత్తాను. రెండు రోజులు చెయ్యి లేవలేదు, ఆయనే అన్నం కలిపి పెట్టాడు." కర్రతుపాకీ కొడుక్కి ఇచ్చేసి, "బాగా చేశావు," అంది. పెద్దవాడు మీటకి ఒక చుక్క నూనె రాశాడు, కర్ర మీటకి ఎందుకో మరి.

తమ్ముడు కూడా దాన్ని ఎత్తి చూశాడు. అన్నదమ్ములిద్దరూ వసారా మెట్లమీద కూచుని మీట గురించి ఏదో వాదించుకుంటుంటే, కూతుర్ని కూడా ఆ రాత్రికి అక్కడే ఉండనిచ్చి, మేం ముగ్గురం భోజనాలు ముగించి బయల్దేరాం.

తిరుగు ఫెర్రీలో సాయంత్రపు ఎండ నీళ్ళమీద ఏటవాలుగా పడుతోంది. అమే మా పక్కన కూచుని, నది మధ్యకి వచ్చేసరికి మా ఆవిడ భుజంమీద తల వాల్చి నిద్రపోయింది. ఇవతలి ఒడ్డు వచ్చింది. జనం దిగుతున్నారు. నేను లేపబోయాను.

"ఉండనీ బావా," అంది మా ఆవిడ. "పడవ ఇంకోమారు తిరిగొస్తాది గదేటి."

దలా వెళ్ళేవాళ్ళు ఎక్కారు, బుట్టలు, కోళ్ళు, సైకిళ్ళు. మేం ముగ్గురం అలాగే కూచున్నాం. ఫెర్రీ మళ్ళీ దలాకి వెళ్ళింది, మళ్ళీ ఇవతలికి వచ్చింది. మా ఆవిడ భుజం తిమ్మిరెక్కి ఉంటుంది. అయినా అమే లేచేదాకా తను కదల్లేదు.